భూమికి అడ్వాన్స్ ఇచ్చాక బేరం ఆగిపోతే.. ఆ డబ్బు ఎవరిది?

మేడ్చల్ దగ్గర 200 గజాల ప్లాటు. గజం రూ.30 వేలు. మొత్తం రూ.60 లక్షలు. బేరం కుదిరిన రోజే కొనేవారు రూ.2 లక్షలు ఇచ్చారు. పది రోజుల తర్వాత అగ్రిమెంటు రాసుకుని మరో రూ.13 లక్షలు ఖాతాలో వేశారు. మిగతా రూ.45 లక్షలు మూడు నెలల్లో ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అనుకున్న సమయానికి బ్యాంకు రుణం రాలేదు. గడువు దాటింది. అమ్మే వ్యక్తి ఇప్పుడు ఒకే మాట అంటున్నారు: ‘‘గడువు దాటితే అడ్వాన్స్ పోయినట్టేనని రాసుకున్నాం కదా!’’

ఇది అర్థం కావడానికి చెప్పుకున్న ఉదాహరణ మాత్రమే. కానీ నగర శివార్లలో ప్లాటు కొన్నవారికి, అమ్మినవారికి ఈ పరిస్థితి కొత్తేమీ కాదు. మరి ఆ రూ.15 లక్షలు ఎవరివి? అమ్మేవారు మొత్తం ఉంచుకోవచ్చా? కొనేవారు మొత్తం వెనక్కి అడగవచ్చా?

క్లుప్తంగా చెప్పాలంటే, ఆ రూ.2 లక్షల మీద ఆశ తక్కువ. రూ.13 లక్షల కోసం కొట్లాడే అవకాశం ఉంది. అయితే అది మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. కాగితంలో ఆ డబ్బును ఏమని రాశారు? మాట తప్పింది ఎవరు? కోర్టుకు వెళ్లినప్పుడు ఏం అడిగారు? ఈ మూడింటిలో మొదటిది అగ్రిమెంటు రాసుకున్న రోజే తేలిపోతుంది.

మేడ్చల్, శామీర్‌పేటల్లో ఈ గొడవలు ఎందుకు?

భూమి ధర నిలకడగా ఉన్నచోట అగ్రిమెంటుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య మూడు నెలలు గడిచినా పెద్దగా ఏమీ మారదు. ధర కదిలే చోట ఆ మూడు నెలలే గొడవకు మూలం. రేటు పెరిగితే అమ్మేవారికి పాత ధర చేదవుతుంది. రేటు తగ్గితే కొనేవారికి మోజు తగ్గుతుంది.

ఉత్తర శివార్లలో ధరను కదిలించే కారణాలకు కొదవ లేదు. మేడ్చల్ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద ఉంది. రెండుచోట్లా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కవచ్చు. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ఉంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. దాని కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోనే ఉంది. 2025 జనవరి 1న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్యారడైజ్-మేడ్చల్, జేబీఎస్-శామీర్‌పేట మెట్రో మార్గాలకు డీపీఆర్‌లు సిద్ధం చేయాలని ఆదేశించారు. ఇలాంటి ప్రకటన ఒకటి వచ్చాక, అంతకుముందు పాత రేటుకు అగ్రిమెంటు రాసిచ్చినవారి మనసు మారడంలో వింత లేదు.

దీనికి మరో కోణం కూడా ఉంది. కొందరు భూమి కొనాలని కాకుండా, తిప్పి అమ్మాలని బయానా ఇస్తారు. కొంత డబ్బు కట్టి ఆరు నెలల గడువు తీసుకుంటారు. ఈలోగా ఎక్కువ ధర ఇచ్చే మరో పార్టీని వెతికి, నేరుగా వారి పేరునే రిజిస్ట్రేషన్ చేయిస్తారు. పార్టీ దొరకకపోతే గడువు పెంచమంటారు. ఆ ఆరు నెలలూ రైతు తన భూమిని ఇంకొకరికి అమ్మలేడు. వచ్చే డబ్బును నమ్ముకుని వేరేచోట బయానా ఇచ్చి ఉంటే అదీ చిక్కులో పడుతుంది. అందుకే అడ్వాన్స్ జప్తు చేసుకునే ప్రతి అమ్మకందారూ మోసగాడు కాదు. వెనక్కి అడిగే ప్రతి కొనుగోలుదారూ అమాయకుడు కాదు.

‘అడ్వాన్స్’ ఒకటే మాట.. డబ్బు మాత్రం రెండు రకాలు

తెలంగాణలో బయానా అంటాం. కోస్తాలో పాత తరం వారు సంచకారం అనేవారు. ఇప్పుడు అందరి నోటా అడ్వాన్స్ అనే మాటే వినిపిస్తోంది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఇచ్చిన ప్రతి రూపాయినీ ఆ పేరుతోనే పిలుస్తున్నాం. కోర్టులు మాత్రం దాన్ని రెండుగా విడదీసి చూస్తాయి.

మొదటిది బయానా. బేరం ఖాయమైన సమయంలో, మాట మీద నిలబడతానని చూపడానికి ఇచ్చే హామీ సొమ్ము ఇది. కొనుగోలు పూర్తయితే ధరలో కలిసిపోతుంది. కొనేవారి తప్పు వల్ల బేరం చెడితే అమ్మేవారికి పోతుంది. టాటా ఎయిర్‌క్రాఫ్ట్, శ్రీ హనుమాన్ కాటన్ మిల్స్ మధ్య వివాదంలో సుప్రీంకోర్టు ఈ లక్షణాలను వివరించింది. ఇప్పటికీ కోర్టులు వాటినే ప్రమాణంగా తీసుకుంటున్నాయి.

రెండోది ధరలో భాగంగా ముందే కట్టిన సొమ్ము. ఇది హామీ కాదు. వాయిదాల్లో ఒకటి, అంతే. బేరం ఆగిపోతే, అమ్మేవారికి నిజంగా జరిగిన నష్టం పోను మిగిలింది తిరిగి ఇవ్వాలన్నది సాధారణ సూత్రం.

ఈ తేడాకు ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్. మాట తప్పితే ఇంత కట్టాలని ఒప్పందంలో ఎంత రాసుకున్నా, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి. అంత మొత్తం ఇప్పించి తీరాలని మాత్రం లేదు.

రూ.25 వేల కేసు నేర్పిన పాఠం

ఈ విషయంలో ఇప్పటికీ అందరూ ఉదహరించే తీర్పు 1963లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చింది. న్యాయవాదులు దాన్ని ఫతే చంద్ కేసు అంటారు. అది 1949లో ఢిల్లీలో కుదిరిన ఒప్పందం. బంగళా, స్థలం ధర రూ.1,12,500. కొనే వ్యక్తి రూ.1,000 బయానాగా, రూ.24,000 ధరలో భాగంగా ఇచ్చారు. గడువులోగా రిజిస్ట్రేషన్ జరగకపోతే మొత్తం రూ.25,000 జప్తు అని రాసుకున్నారు. బేరం చెడింది.

బయానాగా ఇచ్చిన రూ.1,000 ఉంచుకోవచ్చని కోర్టు చెప్పింది. రూ.24,000 సంగతి వేరని తేల్చింది. జప్తు అని రాసుకున్నంత మాత్రాన ఆ సొమ్ము అమ్మినవారిది అయిపోదని, నష్టం ఎంతో చూడాలని స్పష్టం చేసింది. ఆ ఆస్తి ధర పడిపోయినట్టు అమ్మకందారు చూపలేకపోయారు.

మన మేడ్చల్ ఉదాహరణకు ఇది దాదాపు సరిపోతుంది. రూ.2 లక్షలు అక్కడి రూ.1,000 లాంటివి. రూ.13 లక్షలు అక్కడి రూ.24,000 లాంటివి. అయితే ఒక షరతు ఉంది. ఆ రెండూ వేర్వేరని కాగితం చెప్పాలి.

మరి అన్ని తీర్పులూ ఇలాగే ఉన్నాయా?

లేవు. చాలామంది పొరబడేది ఇక్కడే.

2012లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఢిల్లీ కేసులో ఆస్తి ధర రూ.70 లక్షలు. బయానా రూ.7 లక్షలు, అంటే పదో వంతు. అందులో రూ.50 వేలు మాత్రమే ఉంచుకోవాలని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు దానికి ఒప్పుకోలేదు. ఆ సొమ్ము బయానా అని, జప్తు చేసుకోవచ్చని ఒప్పందంలో స్పష్టంగా ఉంది కాబట్టి మొత్తం రూ.7 లక్షలూ అమ్మకందారుకే అని తేల్చింది. ధరలో భాగంగా కట్టిన సొమ్మయితే ఇలా జప్తు కుదరదని కూడా అదే తీర్పులో చెప్పింది.

2015 జనవరిలో వచ్చిన కైలాష్ నాథ్ అసోసియేట్స్ తీర్పు కొనుగోలుదారు పక్షాన నిలిచింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలంలో రూ.3.12 కోట్లకు ఒక సంస్థ ప్లాటు పాడుకుంది. నాలుగో వంతు, అంటే రూ.78 లక్షలు కట్టింది. ఆ తర్వాత అథారిటీ ఆ సొమ్మును జప్తు చేసి, అదే ప్లాటును మళ్లీ వేలం వేసి రూ.11.78 కోట్లు పొందింది. పైసా నష్టం లేనప్పుడు జప్తు ఎలా చెల్లుతుందని కోర్టు ప్రశ్నించింది. రూ.78 లక్షలు వెనక్కి ఇవ్వమంది.

2025 మే 2న కర్ణాటక నుంచి వచ్చిన కేసులో ఫలితం తిరగబడింది. బెంగళూరులో ఆస్తి ధర రూ.55.50 లక్షలు. కొనే వ్యక్తి 2007లో రూ.20 లక్షల అడ్వాన్స్ ఇచ్చారు. నాలుగు నెలల్లో మిగతాది కట్టలేకపోయారు. ధరలో మూడో వంతు దాటిన ఆ మొత్తాన్ని అమ్మకందారు ఉంచుకోవడం సరైనదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అగ్రిమెంటులో షరతు ఒకవైపే లేదు. కొనేవారు తప్పితే అడ్వాన్స్ పోతుంది, అమ్మేవారు తప్పితే రెండింతలు కట్టాలి. ఇద్దరినీ కట్టడి చేసే షరతు కాబట్టి అందులో అన్యాయం లేదని కోర్టు భావించింది.

ఈ తీర్పులన్నీ కలిపి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. పదో వంతు దాటితే జప్తు చెల్లదు అనే గట్టి లెక్క ప్రైవేటు వ్యక్తుల మధ్య ఒప్పందాలకు చట్టంలో లేదు. ఎంత ఇచ్చారన్న దానితో పాటు, ఏమని రాసి ఇచ్చారన్నదీ కోర్టు చూస్తుంది. ‘‘రూ.15 లక్షలు అడ్వాన్స్, గడువు తప్పితే జప్తు’’ అని ఒకే వాక్యంలో రాసుకున్నవారు, తమ రూ.13 లక్షలను కూడా బయానా ఖాతాలోకి నెట్టే అవకాశాన్ని ఎదుటివారికి ఇచ్చినట్టే.

అమ్మేవారే మాట తప్పితే?

ఇక్కడ కొనేవారికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, రిజిస్ట్రేషన్ చేసి తీరాలని స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా వేయడం. రెండోది, ఇచ్చిన డబ్బు వడ్డీతో ఇప్పించమని అడగడం.

మొదటి దారిలో వెళ్లేవారు, తాము మొదటినుంచీ డబ్బుతో సిద్ధంగా ఉన్నామని రుజువు చేయాలి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 16(సి) సెక్షన్ అడిగేది ఇదే. నోటిమాట సరిపోదు. బ్యాంకు ఖాతాలో నిల్వ, రుణం మంజూరు పత్రం, గడువులోపు పంపిన నోటీసు, స్టాంపు డ్యూటీ చలానా లాంటివి కావాలి. తిప్పి అమ్మడానికి బయానా ఇచ్చినవారు తరచూ ఓడిపోయేది ఇక్కడే. అమెరికాలో ఉంటూ ఇక్కడ ప్లాటు కొన్నవారికీ ఇది ముఖ్యం. మీరు సిద్ధంగా ఉన్నారా లేదా అన్న విషయంలో, ఏమీ తెలియని పవర్ ఆఫ్ అటార్నీ హోల్డరు మీ బదులు సాక్ష్యం చెబితే చెల్లదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

2018 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఈ దావాల్లో కోర్టు విచక్షణ తగ్గింది. అర్హత రుజువైతే రిజిస్ట్రేషన్‌కు డిక్రీ ఇవ్వడమే నియమం అయింది. అంతమాత్రాన పని త్వరగా అయిపోతుందని అనుకోవద్దు. రంగారెడ్డి జిల్లాలో 1997లో రాసుకున్న ఒక ఒప్పందాన్నే చూడండి. ట్రయల్ కోర్టులో కొనుగోలుదారు ఓడారు. 2021లో తెలంగాణ హైకోర్టులో గెలిచారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టులో ఓడారు. 2024 నవంబరులో అదే సుప్రీంకోర్టు రివ్యూలో తన తీర్పును వెనక్కి తీసుకోవడంతో మళ్లీ గెలిచారు. ఒప్పందం రాసిన రోజు పుట్టిన బిడ్డకు అప్పటికి 27 ఏళ్లు.

డబ్బు వాపసు అడిగేవారికి ఒక ఆసరా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55(6)(బి) సెక్షన్ ప్రకారం, కొనేవారు అకారణంగా తప్పుకోనంత వరకు, వారు కట్టిన సొమ్ముకు ఆ భూమే పూచీ. దీన్ని ఛార్జ్ అంటారు. అమ్మే వ్యక్తి చేతిలో డబ్బు లేకపోయినా ఆ భూమి నుంచి రాబట్టుకోమని కోర్టును అడగవచ్చు. దావాలో ఈ మాట రాయించారా లేదా అని మీ న్యాయవాదిని తప్పక అడగండి.

అడగనిది కోర్టు ఇవ్వదు

బెంగళూరు కేసులో కొనుగోలుదారు చేసిన పెద్ద పొరపాటు మరొకటి ఉంది. ఆయన రిజిస్ట్రేషన్ చేయించమని మాత్రమే అడిగారు. అది కుదరకపోతే నా రూ.20 లక్షలైనా ఇప్పించండి అని దావాలో రాయలేదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం వాపసును ప్రత్యేకంగా కోరాలి. అడగకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు. మొదట మరిచిపోయినా, విచారణలో ఏ దశలోనైనా దావాను సవరించుకోవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. ఆయన ఆ పనీ చేయలేదు. 2022 డిసెంబరులో హరియాణా కేసులో కూడా కోర్టు ఇదే చెప్పింది.

మరో చిక్కు కూడా ఉంది. అమ్మే వ్యక్తి ‘‘అగ్రిమెంటు రద్దు చేస్తున్నా’’ అని నోటీసు పంపాక దావా వేస్తుంటే, ఆ రద్దు చెల్లదని ప్రకటించమని కూడా కోరడం మంచిది. అది అడగలేదన్న కారణంతో దావాలు వీగిపోయిన తీర్పులు ఉన్నాయి. అలాగే భూమే కావాలనుకునేవారు, అమ్మే వ్యక్తి తిప్పి పంపిన అడ్వాన్స్ డీడీని ఖాతాలో వేసుకోకూడదు. అలా వేసుకున్నవారికి కొనే ఉద్దేశం లేనట్టేనని 2025 ఏప్రిల్‌లో బిహార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఎంతకాలం ఆగవచ్చు?

రిజిస్ట్రేషన్ కోరే దావాకు మూడేళ్లు. అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అమ్మే వ్యక్తి కాదన్నట్టు తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. డబ్బు వాపసు దావాకూ సాధారణంగా మూడేళ్లే గడువు. భూమి మీద ఛార్జ్ ఆధారంగా వసూలు అడిగేవారికి మాత్రం 12 ఏళ్లు ఉంటుంది.

‘‘పెద్దమనుషుల్లో మాట్లాడుతున్నాం’’, ‘‘వచ్చే దసరాకు చూద్దాం అన్నారు’’ అంటూ ఆగినంత మాత్రాన గడువు ఆగదు. లీగల్ నోటీసు పంపినా ఆగదు. గడువు పెంచుకుంటే ఇద్దరూ సంతకం చేసిన కాగితం ఉండాలి.

నగదు ఇచ్చి ఉంటే ఇంకో తలనొప్పి

శివారు బేరాల్లో సగం చెక్కు, సగం చేతికి అన్న పద్ధతి అందరికీ తెలిసిందే. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం స్థిరాస్తికి రూ.20 వేలు, ఆపైన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవారి మీద అంతే మొత్తం జరిమానా పడవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.

2025 ఏప్రిల్ 16న సుప్రీంకోర్టు మరో అడుగు వేసింది. బెంగళూరులో ఒక స్థలానికి రూ.75 లక్షలు నగదుగా ఇచ్చామంటూ వచ్చిన దావాను విచారిస్తూ, రూ.2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరైనా కోర్టులో చెబితే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని కింది కోర్టులను ఆదేశించింది. రిజిస్ట్రేషన్ పత్రాల్లో అలాంటి నగదు కనిపిస్తే సబ్ రిజిస్ట్రార్లూ తెలియజేయాలి. అంటే నగదు ఇచ్చినవారికి రెండువైపులా ఇబ్బందే. చెప్పకపోతే ఇచ్చినట్టు రుజువు ఉండదు. చెబితే పన్ను శాఖ నుంచి పిలుపు వస్తుంది.

నోటరీ కాగితానికి విలువ ఎంత?

చాలామంది వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, నోటరీ చేయించి ఊరుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన సవరణ రిజిస్ట్రేషన్ చట్టంలో 17(1)(జి) నిబంధనను చేర్చింది. దాని ప్రకారం స్థిరాస్తి అమ్మకం అగ్రిమెంటునూ రిజిస్టర్ చేయాలి. ఇతర రాష్ట్రాల్లోని బంధువులు ‘‘మా దగ్గర అవసరం లేదు’’ అన్నా, మనకు ఆ నియమం ఉంది.

అయితే రిజిస్టర్ కాని అగ్రిమెంటు పూర్తిగా చెత్తబుట్టపాలు కాదు. స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలో ఒప్పందం జరిగిందనడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని అదే చట్టంలోని 49వ సెక్షన్ అనుమతిస్తోంది. కానీ స్టాంపు డ్యూటీ సరిపోకపోతే, తక్కువైన మొత్తం, దాని మీద పెనాల్టీ కట్టేవరకు కోర్టు ఆ కాగితాన్ని పక్కన పెడుతుంది. పెనాల్టీ పది రెట్ల వరకు ఉండవచ్చు. అగ్రిమెంటుతో పాటే భూమిని స్వాధీనం చేసినట్టు రాస్తే, దాన్ని సేల్ డీడ్‌తో సమానంగా చూసి పూర్తి డ్యూటీ అడుగుతారు.

ఇక అగ్రిమెంటు ఉంది కాబట్టి ప్లాటు మనదే అనుకోవడం పొరపాటు. అగ్రిమెంటు వల్ల యాజమాన్యం రాదు. జీపీఏ రాయించుకున్నా రాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రిజిస్టర్ చేసిన సేల్ డీడ్‌తోనే వస్తుంది. నోటరీ అగ్రిమెంటు ఈసీలో కనిపించదు. కాబట్టి అదే ప్లాటుకు ఇంకొకరి దగ్గర కూడా బయానా తీసుకుంటే మీకు తెలిసే దారి లేదు.

భూమి కాగితాల్లో లోపం బయటపడితే?

బేరం చెడడానికి కారణం ఎప్పుడూ డబ్బే కాదు. బయానా ఇచ్చాక సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నట్టు తెలియవచ్చు. ప్లాటులో కొంత చెరువు ఎఫ్‌టీఎల్‌లోకి వస్తుందని తేలవచ్చు. లేఔట్‌కు అనుమతి లేదని, ఎల్ఆర్ఎస్ పెండింగులో ఉందని బ్యాంకు రుణం నిరాకరించవచ్చు. వ్యవసాయ భూమి అయితే పాసు పుస్తకంలో ఉన్న విస్తీర్ణం, కొలిస్తే తేలే విస్తీర్ణం సరిపోకపోవచ్చు. ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది ఈ ప్రాంతంలోని మూడుచింతలపల్లిలోనే. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ మారినా, పాత రికార్డుల్లో చిక్కులున్న సర్వే నంబర్లను కొనేముందు విడిగా చూసుకోక తప్పదు.

ఇలాంటప్పుడు గడువు తప్పింది కొనేవారు కాదు. టైటిల్‌లో తనకు తెలిసిన, కొనేవారు మామూలుగా కనిపెట్టలేని లోపాన్ని చెప్పడం, పత్రాలు చూపించడం అమ్మేవారి బాధ్యత అని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి బయానాతో సహా మొత్తం తిరిగి అడిగే హక్కు కొనేవారికి బలంగా ఉంటుంది. కానీ లోపం తెలిసిన వెంటనే, గడువు ముగియకముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. గడువు దాటాక ‘‘టైటిల్ బాగోలేదు’’ అంటే, డబ్బు లేక చెప్పిన సాకులా కనిపిస్తుంది.

బ్యాంకు రుణం రాకపోవడం కూడా రెండు రకాలు. స్థలం కాగితాల్లో లోపం వల్ల రాకపోతే మీ వాదనకు బలం ఉంటుంది. మీ జీతం, సిబిల్ స్కోరు చాలక రాకపోతే అది మీ వైపు తప్పుగానే లెక్క. రుణం రాకపోతే అడ్వాన్స్ వాపసు అని ముందే రాసుకుంటేనే రక్షణ.

ఎక్కడికి వెళ్లాలి? ఖర్చెంత?

దావా భూమి ఉన్నచోటే వేయాలి. మీరు బెంగళూరులో ఉన్నా, డాలస్‌లో ఉన్నా మేడ్చల్ ప్లాటు రిజిస్ట్రేషన్ కోసం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కోర్టుల పరిధిలోకే రావాలి. రిజిస్ట్రేషన్ కోరే దావాకు కోర్టు ఫీజును మిగిలిన బాకీ మీద కాకుండా ఒప్పందంలోని పూర్తి ధర మీద లెక్కిస్తారు. మన ఉదాహరణలో అది రూ.60 లక్షల మీద. దావా నడుస్తుండగా అమ్మే వ్యక్తి భూమిని వేరేవారికి అమ్మినా, కొత్తగా కొన్నవారు తీర్పుకు కట్టుబడాల్సిందే. అయినా అమ్మకుండా ఇంజంక్షన్ అడగడం మేలు.

కోర్టుకు ముందు న్యాయసేవాధికార సంస్థలో ప్రీ-లిటిగేషన్ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం. గొడవ డబ్బు గురించే అయితే, భూమి మీద ఆశ వదులుకున్నవారికి ఇది దగ్గరి దారి.

అమ్మేది లేఔట్ వేసిన సంస్థ అయితే మరికొన్ని తలుపులు ఉన్నాయి. రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. తీసుకుంటే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయవచ్చు. రోడ్లు, డ్రైనేజీ వేసి ప్లాట్లు అమ్మే సంస్థలు వినియోగదారుల చట్టం కిందకు కూడా వస్తాయని, హైదరాబాద్‌కు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక రైతు నుంచో, ప్లాటు యజమాని నుంచో నేరుగా కొన్నవారికి ఈ దారులు వర్తించవు. వారికి సివిల్ కోర్టే గతి. పోలీసు స్టేషన్‌లో చీటింగ్ కేసు పెడితే డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉంటే తప్ప, ఒప్పందం నెరవేరకపోవడం నేరం కాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది.

అగ్రిమెంటులో ఏం రాసుకోవాలి?

బయానా ఎంత, ధరలో భాగం ఎంత అన్నది రెండు వేర్వేరు వాక్యాల్లో ఉండాలి. బయానా చిన్న మొత్తంగా ఉంచాలి. కొనేవారి తప్పుతో బేరం చెడితే బయానా మాత్రమే పోతుందని, మిగతాది ఇన్ని రోజుల్లో ఖాతాకు తిరిగి రావాలని రాయాలి. అమ్మేవారు తప్పితే ఏమిటో కూడా రాయాలి. రుణం రాకపోతే, టైటిల్ లోపం తేలితే, ప్రభుత్వ ఆంక్ష వస్తే ఏం చేయాలో విడిగా ఉండాలి. ప్రతి చెల్లింపుకూ బ్యాంకు లావాదేవీ నంబరు వేయాలి. అగ్రిమెంటును రిజిస్టర్ చేయించాలి.

ఇవి అమ్మేవారికీ మేలే. బయానా అని స్పష్టంగా రాసి, సమంజసమైన మొత్తం తీసుకున్నవారి జప్తు నిలబడుతుంది. ఉన్నదంతా జప్తు అని రాసుకున్నవారు, నష్టం ఎంతో చూపమని కోర్టు అడిగినప్పుడు లెక్కలు వెతుక్కోవాలి. అదే భూమిని ఎక్కువ ధరకు అమ్మి ఉంటే ఆ లెక్క చెప్పడం మరీ కష్టం.

మళ్లీ మన 200 గజాల ప్లాటు దగ్గరికి వద్దాం. రూ.2 లక్షలు బయానా, రూ.13 లక్షలు ధరలో భాగం అని రాసుకుని ఉంటే, గొడవ ఆ రూ.2 లక్షల దగ్గర ఆగవచ్చు. రూ.15 లక్షలూ అడ్వాన్స్ అని ఒక్క మాటలో రాసుకుని ఉంటే, ఆ మాటకు అర్థమేమిటో తేల్చడానికి ఇద్దరూ ఏళ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కాలి. బయానా ఇచ్చేముందు ఆ ఒక్క వాక్యాన్ని న్యాయవాదికి చూపించండి. దానికయ్యే ఖర్చు, తర్వాత కట్టాల్సిన కోర్టు ఫీజుతో పోలిస్తే చాలా తక్కువ.